ఎదుగుచున్న పాల సంఘమునకు సెల్ ఫోను లెక్కలు

తెల్లవారుజామున పాల కేంద్రము తలుపు తెరచునప్పటికే క్యాన్లతోను చెంబులతోను సభ్యులు బారులు తీరియుందురు. కొలత, వెన్నశాతము, ధర, ఈ మూడింటిని ప్రతివారి పేరిట వ్రాయవలెను. సాయంకాలము మరల అదే పని. పూర్వము దీనికంతకు కార్యదర్శి బల్లపై ఒక పెద్ద రిజిస్టరు, సభ్యుని చేతిలో ఒక చిన్న పాసుపుస్తకము ఉండెడివి. ఇప్పుడు అనేక సంఘములు ఈ పనిని సెల్ ఫోనునకు అప్పగించుచున్నవి. మంచిదే. కూడికలలో తప్పులు తగ్గును, పక్షము చివర బిల్లులు త్వరగా వచ్చును. కాని ఫోనును, దానిలోని యాప్‌ను ఎన్నుకొనునపుడు నేటి అవసరమును మాత్రమే చూచి, మూడేండ్ల తరువాత సంఘము ఎంత ఎదుగునో ఆలోచింపకపోవుట పరిపాటియైనది. పశువుల కొట్టము కట్టునపుడు పుట్టబోవు దూడలకు కూడ చోటు విడిచెడి రైతు, లెక్కల విషయమున ఆ ముందుచూపు మరచుచున్నాడు.

ఈ వ్యాసమున మేము ఒక పాల సంఘమును ఊహించుకొని, దాని లెక్కలద్వారా ఈ విషయమును పరిశీలింపదలచితిమి. ఇందు చెప్పెడి మాటలు చేనేత సంఘములకును, పొదుపు సంఘములకును, 2020 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఆరంభించిన 10,000 సంస్థల పథకము క్రింద ఏర్పడిన రైతు ఉత్పత్తిదారుల సంస్థలకును చాలవరకు వర్తించును.

మన సంఘమున 120 మంది సభ్యులు కలరనుకొందము. పూటకు 120, రోజుకు 240 పద్దులు. సంవత్సరమునకు 87,600 పద్దులు. ఒక్కొక్క పద్దులో తేదీ, పూట, సభ్యుని సంఖ్య, లీటర్లు, వెన్నశాతము, ధర ఉండును. ఇదంతయు కలిపి అరవై అక్షరములకు మించదు. సంవత్సరపు లెక్క మొత్తము సుమారు అయిదు మెగాబైట్లలో ఇమిడిపోవును. నేడు అతి చౌకగా దొరకెడి స్మార్ట్ ఫోను సైతము ఇట్టి లెక్కలను పదేండ్లవి అవలీలగా మోయగలదు. కావున పెద్ద ఖరీదుగల ఫోను లేనిదే పని సాగదనెడి వ్యాపారస్థుని మాటను నమ్మనక్కరలేదు.

ఇప్పుడు ఇంకొక దారి చూతము. కొన్నిచోట్ల కార్యదర్శి చీటీ వ్రాసి, దానిని ఫోటో తీసి దాచుచుండును. ఫోటో ఒక్కటికి రెండు మెగాబైట్లు అనుకొన్నను, రోజునకు 480 మెగాబైట్లు అగును. 64 గిగాబైట్ల ఫోను పూర్తిగా ఖాళీగానున్నను నాలుగున్నర నెలలలో నిండిపోవును. పైగా ఫోటోలోని అంకెలను ఫోను తనంతట తాను కూడి ఇయ్యదు. పని ఒక్కటే, ఫోను ఒక్కటే. దాచెడి పద్ధతినిబట్టి ఒకటి పదేండ్లు నిలుచును, రెండవది అయిదు నెలలైనను నిలువదు.

కంప్యూటరు పట్టికలో, అనగా ఎక్సెల్ వంటి దానిలో, లెక్కలు వ్రాసికొనెడి సంఘములు మరి కొన్ని. ఇది ఫోటోలకన్న ఎంతయో మేలు. అయితే ఈ పట్టికకు కూడ అడుగు కలదు. పాత పద్ధతి ఎక్సెల్ పట్టికలో 65,536 వరుసలు మాత్రమే పట్టును. మన సంఘము ఏప్రిల్ 1వ తేదీన లెక్క మొదలిడినచో, రోజుకు 240 చొప్పున డిసెంబరు 29వ తేదీ రాత్రికి 65,520 వరుసలు నిండును. మరునాటి ఉదయమున పదహారు మంది పాలు వ్రాయునప్పటికి పట్టిక ముగియును. ఆర్థిక సంవత్సరము ముగియుటకు ఇంకను మూడు నెలలుండును. కొత్త పద్ధతి పట్టికలో 10,48,576 వరుసలు గలవు. అవి మన సంఘమునకు సుమారు పండ్రెండేండ్లు వచ్చును. కాని ఇరుగుపొరుగు ఊళ్లు నాలుగు కలసి సభ్యులు 600 మంది అయినచో రెండున్నర ఏండ్లు కూడ రావు.

ఇది పల్లెటూరి అమాయకత్వమని ఎవరైన నవ్వుకొందురేమో! 2020వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు ప్రజారోగ్య శాఖకే ఈ అనుభవము కలిగినది. కోవిడ్ రోగుల వివరములను పరీక్షాకేంద్రములనుండి సమీకరించుటలో వారు పాత పద్ధతి ఎక్సెల్ దస్త్రములను వాడిరి. రోగుల సంఖ్య పెరిగినది, పట్టిక నిండినది, మిగిలిన పేర్లు చప్పుడు చేయకుండ జారిపోయినవి. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వరకు 15,841 మంది ఆనాటి లెక్కలలోనికి రాలేదు. రోగులకు తమ ఫలితము తెలిసినది గాని, వారితో మెలగిన వారిని వెదకి హెచ్చరించు పని ఆలస్యమైనది. ఇందు పాఠకులు గమనింపవలసినది ఆ శబ్దము లేకపోవుటయే. రిజిస్టరు నిండినచో కాగితములు అయిపోయినవని చేతికి తెలియును. యంత్రము చాలసార్లు చెప్పదు. మన సంఘమున ఇట్లు జరిగినచో, పదిహేడవ మనిషి మొదలుకొని బారులో వెనుక నిలిచిన వారి పాల లెక్క మాయమగును. పక్షము చివర బిల్లు తక్కువ వచ్చిన రైతు కార్యదర్శిని దొంగయనును. కార్యదర్శి నిర్దోషి. అయినను ఆ మాట ఊరిలో మిగులును. సంఘములు చెడిపోవునది పాల ధరవలనకంటె ఇట్టి అనుమానములవలననే ఎక్కువయని మా అభిప్రాయము.

కావున మొదట చేయవలసిన పని కాగితము, పెన్సిలు తీసికొని మూడు అంకెలు వేసికొనుట. నేడు సభ్యులెందరు, మూడేండ్లకు ఎందరు కావచ్చును, అంతకు రెట్టింపైనచో ఏమగును? ఏ వస్తువును కొనుచున్నను అమ్మువానిని ఈ మూడవ అంకెకు సరిపోవునా అని అడుగవలెను. పెరుగుదల ఊహింపరానంత వేగముగా వచ్చుట మన కన్నులయెదుటనే జరిగినది. యు.పి.ఐ. అను చెల్లింపుల పద్ధతి 2016లో మొదలైనది. ఆ సంవత్సరము డిసెంబరు నెలలో దానిద్వారా జరిగిన చెల్లింపులు సుమారు 20 లక్షలు. 2023 ఆగస్టు నెలలో అవి 1,000 కోట్లు దాటినవి.

చేతికి పట్టెడి కాలము

ఫోనులో చోటు చాలునని తేలినను, మనిషి చేయి చాలునా అని చూడవలెను. ఒక సభ్యుని సంఖ్య నొక్కి, లీటర్లు, వెన్నశాతము నింపి, చీటీ ఇచ్చుటకు అరనిముషము పట్టుననుకొందము. 120 మందికి ఒక గంట. 300 మందికి రెండున్నర గంటలు. పిండిన పాలను సాధ్యమైనంత త్వరగా చల్లబరుపవలెను. లేనిచో సూక్ష్మజీవులు పెరిగి పాలు విరుగును. అందుచేత సభ్యులు పెరిగిన సంఘము రెండవ తూకపుబల్ల పెట్టకతప్పదు. రెండవ బల్లకు రెండవ ఫోను కావలెను. ఇచ్చటనే అసలు చిక్కు ఆరంభమగును.

ఒక్క ఫోను ఉన్నంతకాలము చీటీలకు 1, 2, 3 అని వరుససంఖ్యలు వేసికొనుచు పోవచ్చును. రెండు ఫోనులైనచో రెండింటిలోను 1వ చీటీ ఉండును. సాయంకాలము రెండింటిని ఒకచోట చేర్చునపుడు ఒకటి రెండవదానిని తుడిచివేయవచ్చును, లేదా ఒకే పద్దు రెండుమార్లు ఎక్కవచ్చును. ఊరిలో సంకేతము అందని వేళలందు ఫోను లెక్కను తనలోనే దాచుకొని, అందినపుడు పంపును గదా, అప్పుడు ఈ ప్రమాదము మరింత హెచ్చు. దీనికి మందు సులభము, కాని మొదటి దినముననే వేయవలెను. ప్రతి చీటీ సంఖ్యలోను కేంద్రము గుర్తు, ఫోను గుర్తు, తేదీ, ఆపైని వరుససంఖ్య ఉండవలెను. ఒకే ఫోను ఉన్ననాడు ఇది వ్యర్థపు శ్రమగా తోచును. రెండవ ఫోను వచ్చిననాడు దీనివలన ఏ పాత పద్దును కదలింపనక్కరలేకపోవును.

సభ్యుల సంఖ్యల సంగతియు ఇట్టిదే. 001 మొదలు 999 వరకు మూడంకెలతో సంఖ్యలు పంచిన సంఘము వేయవ సభ్యునికి సంఖ్య ఈయలేదు. నాలుగు లేక అయిదు అంకెలతో మొదలిడిన ఖర్చేమియు లేదు. మరణించినవారి సంఖ్యను, సంఘము విడిచినవారి సంఖ్యను క్రొత్తవారికి ఈయరాదు. పాత బాకీలు క్రొత్తవాని పేరిట ఎక్కుట చూచినవారికి ఇందలి కారణము చెప్పనక్కరలేదు. సభ్యుని ఫోను నంబరునే సభ్యత్వసంఖ్యగా వాడుట కూడ సరికాదు. ఫోను నంబర్లు మారును. వాడక విడిచిన నంబరును కంపెనీలు కొంతకాలమునకు వేరొకరికి ఇచ్చివేయును.

పేర్లను తెలుగులో వ్రాయునపుడు యూనికోడ్ పద్ధతినే వాడవలెను. ముద్రణశాలలలో ఇంతకాలము వాడుకలోనున్న పాత అక్షరరూపములు కొన్ని ఆ కంప్యూటరుపై ముత్యములవలె కనిపించినను, వేరొక ఫోనులో తెరచినచో అర్థములేని గుర్తులుగా మారును. అట్టి పద్ధతిలో వ్రాసిన సభ్యుల జాబితాను తరువాత మార్చుకొనుట చాల ప్రయాసతో కూడిన పని.

నంబరు ఎవరిది, డబ్బు ఎవరిది

సంఘమునకు ఫోను కొనక, కార్యదర్శి స్వంత ఫోనుతోనే పని నడపుట సాధారణము. పొదుపుగా తోచును. ఆ నంబరే సభ్యులందరికి తెలిసియుండును. వాట్సాప్ బృందము దానిపైననే నడచును. బ్యాంకునుండి వచ్చెడి రహస్యసంకేతములు దానికే వచ్చును. కొంతకాలమునకు ఆ కార్యదర్శికి పట్టణమున ఉద్యోగము వచ్చును, లేదా ఎన్నికలలో వేరొకరు వత్తురు. నంబరు ఆయనది గనుక ఆయనతోపాటు పోవును. ఆయన మంచివాడైనచో కొన్ని నెలలు ఊరివారి ప్రశ్నలకు జవాబులు చెప్పుచుండును. కలహించి పోయినవాడైనచో సంఘము గొంతుక ఆయన జేబులోనే ఉండిపోవును. కాబట్టి సిమ్ కార్డు సంఘము పేరిట, సంఘపు పత్రములపై తీసికొనవలెను. ఆ విషయమును పాలకవర్గ సమావేశపు తీర్మానముగా మినిట్స్ పుస్తకమున వ్రాయవలెను.

వాట్సాప్ బృందమునకును మితి కలదు. ఒకప్పుడు 256 మందికే చోటుండెను. 2022లో అది 512కు, అదే సంవత్సరమున పిమ్మట 1,024కు పెరిగినది. బృందము వార్తలు చెప్పుకొనుటకు పనికివచ్చును. లెక్కలు దాచుటకు పనికిరాదు. పండుగ శుభాకాంక్షల నడుమ గతనెల వెన్నశాతము వెదకుకొనుట ఎంత కష్టమో అనుభవించినవారికి తెలియును.

డబ్బు విషయము మరింత జాగ్రత్త కోరును. సంఘపు దాణా అమ్మకమునకు, ఊరిలో పాల చిల్లర అమ్మకమునకు క్యూ.ఆర్. గుర్తు అంటించుట నేడు సర్వసాధారణము. ఆ గుర్తు సంఘపు ఖాతాకే చెందవలెను. కార్యదర్శి సొంత ఖాతాకు వచ్చి, తరువాత సంఘమునకు చేరెడి డబ్బు ఎంత నిజాయితీగా చేరినను, తనిఖీదారునికి అది తప్పే. కొనుగోలుదారుడు తన ఫోనుపై చూపెడి బొమ్మను రసీదుగా అంగీకరింపరాదు. సంఘపు ఖాతాకు డబ్బు చేరినట్లు బ్యాంకు పంపెడి వార్తయే రసీదు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలసిన పని ఎన్నడును ఉండదను ఈ ఒక్క మాటను కేంద్రము గోడపై పెద్ద అక్షరములతో వ్రాసి ఉంచినచో ఎందరి కష్టార్జితమో నిలుచును.

సభ్యులకు బిల్లులు చెల్లించుట వేరు పని. తలకు పక్షమునకు 3,000 రూపాయలనుకొన్నను, 120 మందికి 3,60,000 రూపాయలు. యు.పి.ఐ. ద్వారా సామాన్యముగా ఒక ఖాతానుండి రోజునకు ఒక లక్ష రూపాయలవరకే పంపవచ్చును. కావున ఫోనులో ఒక్కొక్కరికి పంపెడి పద్ధతి 30 మంది సభ్యులున్న సంఘమునకు చాలును గాని, 120 మందికే కుంటుపడును. అందరి ఖాతా నంబర్లు, మొత్తములు ఒకే పట్టికగా బ్యాంకునకు ఇచ్చి, ఇద్దరు సంతకందార్ల అనుమతితో ఒక్కమారు జమచేయించు ఏర్పాటును మొదటినుండియే అడుగవలెను. ఆ పట్టికను మన యాప్ తయారుచేయగలదా అనునది యాప్ కొనునపుడు వేయవలసిన ప్రశ్నలలో ముఖ్యమైనది.

స్మార్ట్ ఫోను లేని సభ్యుల మాట మరువరాదు. వారికి చిన్న సందేశము చాలును. అయితే తెలుగు సందేశమునకు ఒక చిక్కు కలదు. ఇంగ్లీషు అక్షరములతో ఒక సందేశమున 160 గుర్తులు పట్టగా, తెలుగులో 70 మాత్రమే పట్టును. పైగా గుణింతపు గుర్తు, పొల్లు, ఒత్తు విడివిడిగా లెక్కకు వచ్చును. ‘కార్యదర్శి’ అను మాటలో కంటికి నాలుగు అక్షరములే కనిపించినను, యంత్రము పది గుర్తులుగా లెక్కించును. మాట పొడవైనచో ఒక్క సందేశము రెండై, ఖర్చు రెట్టింపగును. పూటపూటకు పంపినచో 120 మందికి నెలకు 7,200 సందేశములు, పక్షమునకొకటి పంపినచో 240. పూటపూటకు ఒక చిన్న కాగితపు చీటీ, పక్షమునకు ఒక తెలుగు సందేశము అను ఏర్పాటు మాకు నచ్చినది. ఇట్లు గుంపుగా సందేశములు పంపుటకు 2018 నాటి టెలికాం నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారము పంపువారి పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయింపవలెను. సంఘమునకు ఈ సేవ అమ్ముటకు వచ్చినవారు ఆ నమోదు ఎవరి పేరిట చేయుదురో అడిగి తెలిసికొనుడు.

ఊహింపని దిక్కునకు పెరుగుట

ఆఫ్రికాలోని కెన్యా దేశమున 2005లో ఒక చిన్న ప్రయోగము జరిగినది. చిన్న అప్పులు తీసికొన్న పేదలు వాయిదాలను సెల్ ఫోను ద్వారా చెల్లించుట దాని ఉద్దేశము. ప్రజలు దానిని వేరొక విధముగా వాడుకొనిరి. పట్టణమున పనిచేయువారు పల్లెలోని ఇంటివారికి డబ్బు పంపుకొనసాగిరి. నిర్వాహకులు తమ పట్టు విడిచి, 2007 మార్చిలో డబ్బు పంపెడి సేవగానే దానిని ఆరంభించిరి. అదియే సఫారీకామ్ కంపెనీవారి ఎం-పెసా. పెసా అనగా స్వాహిలీ భాషలో డబ్బు. సేవయంతయు సిమ్ కార్డులోని చిన్న పట్టీతో నడచును గనుక సామాన్యమైన బొత్తాముల ఫోను చాలును. ఈ నిర్ణయమువలననే అది కోట్లమందికి చేరగలిగినది. అయితే ఆ సేవకు ఆధారమైన కంప్యూటర్లు చిరకాలము జర్మనీ దేశమున ఉండెను. వాటిని 2015లో గాని కెన్యాకు తరలింపలేకపోయిరి. కోట్లమంది నిత్యము డబ్బు పంపుకొనుచుండగా పునాదిని మార్చుట ఎంతటి పనియో ఊహించుకొనవచ్చును.

మన పాల సంఘము కూడ రేపు పాలతో ఆగకపోవచ్చును. దాణా అప్పు, పశువుల భీమా, టీకాల తేదీలు, పశుగ్రాసపు విత్తనముల పంపిణీ వచ్చిచేరును. ఇవన్నియు నేడే ఒక యాప్‌లో ఉండవలెనని కోరినచో పదిరెట్లు ఖరీదుగల, ఎవరును వాడలేని వస్తువు దొరకును. మేము ఇట్టివి చూచితిమి. ముప్పది మీటలు గల తెరపై కార్యదర్శి వాడునవి మూడే. అందుచేత ఇప్పటికి పాల లెక్కనే పెట్టుకొని, సభ్యుల జాబితాను మాత్రము వేరుగా, శుభ్రముగా ఉంచవలెను. రేపు దాణా లెక్క వచ్చినపుడు అదే జాబితాకు తగిలింపవచ్చును. జాబితాలో అవసరములేని వివరములు చేర్చరాదు. ఆధార్ కార్డుల ఫోటోలు కార్యదర్శి ఫోనులో పడియుండుట చాలచోట్ల కనిపించును. వ్యక్తుల వివరముల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము మాట అటుండగా, పొరుగువాని కాగితములు మన జేబులో మోయుట మనకే ప్రమాదము.

యాప్ అమ్మెడి కంపెనీ ఎంత పెద్దదైనను శాశ్వతము కాదు. ఒకప్పుడు ప్రపంచమందలి వ్యాపారస్థులందరి చేతులలోను కనిపించిన బ్లాక్‌బెర్రీ ఫోనులకు, ఆ కంపెనీ తన పాత పద్ధతి సేవలను 2022 జనవరి 4వ తేదీన నిలిపివేసినది. కాబట్టి కొనుటకు ముందే, ‘మా లెక్కలన్నియు సామాన్యమైన పట్టికగా, ఏ కంప్యూటరులోనైన తెరచుకొనునట్లు, మేమే ఎప్పుడైన తీసికొనగలమా?’ అని అడిగి, అమ్మువాని యెదుటనే ఒకసారి తీసి చూడవలెను. నసిగినచో అచ్చటినుండి లేచిపోవుట మేలు. కిరాయి విషయమున కూడ లెక్క వేయవలెను. సభ్యునికి నెలకు 5 రూపాయలన్నచో 120 మందికి 600 రూపాయలే. 600 మంది అయిననాడు 3,000 రూపాయలు. మొదటి సంవత్సరము ఉచితమన్నవాని యొద్ద రెండవ సంవత్సరపు ధరను కాగితముపై వ్రాయించుకొనుడు.

క్రొత్త పద్ధతికి మారునపుడు కనీసము రెండు పక్షములు పాత రిజిస్టరును కూడ ప్రక్కనే నడపవలెను. రెండు మొత్తములు సరిపోనినాడు తప్పెక్కడో దొరకువరకు బిల్లులు ఆపవలెను. ఆ తరువాత కూడ ప్రతి నెల చివర ఒక ప్రతిని సంఘపు ఫోనులోకాక వేరొకచోట దాచవలెను. దాచితిమని ఊరకుండరాదు. ఆరు నెలలకొకమారు సమావేశమున, సంఘపు ఫోను నూతిలో పడినదని అనుకొని, దానిని ప్రక్కన పెట్టి, దాచిన ప్రతినుండి వేరొక ఫోనులోనికి లెక్కలు ఎక్కించి, ఎవరైన ఇద్దరు సభ్యుల పాసుపుస్తకములతో సరిచూడవలెను. ఈ పనికి ఒక గంట పట్టును. సరిచూచెడి ఇద్దరిలో ఒకరు పాలకవర్గమునకు చెందనివారైనచో మంచిది.